డి ఫైళ్లలో ఖాళీ, హ్యాష్, డాలరు: కంపైలర్ రాసిన డిపెండెన్సీలను మేక్ సరిగ్గా చదవాలంటే

మైపాడు, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులకు ఏరేటర్ (నీటిలో గాలి కలిపే మోటారు) కంట్రోలర్లు తయారుచేసే వాళ్ల ప్రాజెక్టు ఫోల్డర్లు చూడండి. "చెరువు #3", "మైపాడు గుంట", "ఆక్సిజన్50%" లాంటి పేర్లు ఉంటాయి. చీమకుర్తి గ్రానైట్ యార్డుల కోసం తూకం, బిల్లింగ్ మెషిన్లు చేసేవాళ్ల దగ్గరైతే "రేటు$.హెచ్" కూడా ఉంటుంది. ఎగుమతి సరుకు ధర డాలర్లలో కదా! ఈ పేర్లేవీ ప్రోగ్రామర్ పెట్టినవి కావు. రైతో, యార్డు గుమస్తానో ఎక్సెల్ షీటుకు పెట్టుకున్న పేరును ఒక స్క్రిప్టు అలాగే తీసుకుని ఫోల్డర్ చేస్తుంది, అందులో సెట్టింగుల హెడర్ ఫైలు (సీ ప్రోగ్రాము కలుపుకునే .హెచ్ ఫైలు) పడేస్తుంది.

లైనక్స్‌కు ఈ పేర్లతో ఇబ్బంది లేదు. సీ కంపైలర్‌కూ లేదు. ఇబ్బందంతా, ఏ ఫైళ్లు మారాయో చూసి వాటికి సంబంధించినవే మళ్లీ కంపైల్ చేయించే మేక్‌కే. పైగా అది చాలాసార్లు ఎర్రర్ రూపంలో రాదు. ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల దగ్గర మోటారు ఆన్ కావాలని ఉన్న హెడర్‌ను 5కి మార్చారనుకోండి. మేక్ నడిపితే "అంతా తాజాగానే ఉంది" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. బోర్డులోకి పాత ప్రోగ్రామే వెళ్తుంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. అప్పుడు గట్టు మీద ఉన్న రైతుకు కనిపించేది మోటారు తిరగకపోవడం ఒక్కటే. లోపం డి ఫైలులో, అంటే ఏ ఫైలు ఏ హెడర్ల మీద ఆధారపడిందో కంపైలర్ రాసిపెట్టిన ఫైలులో, ఉందని ఎవరికి తట్టాలి?

టైపింగ్ గురించి ఒక మాట. కమాండ్లు, ఆప్షన్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టెర్మినల్లో వాటిని ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. -ఎంఎండీ అంటే హైఫన్ తర్వాత మూడు పెద్దక్షరాలు. -ఎంటీ, -ఎంక్యూ లాంటివీ, -ఐ కూడా పెద్దక్షరాలే, -ఐసిస్టమ్ మాత్రం చిన్నక్షరాలు. .సి, .హెచ్, .ఓ, .డి అన్నవి మామూలు చిన్నక్షరాల ఎక్స్‌టెన్షన్లు. కంపైల్ ఆప్షన్లలో -సీ, -ఓ కూడా చిన్నక్షరాలే. \ $ # : % గుర్తులు మాత్రం ఎలా కనిపిస్తే అలాగే.

1. డి ఫైలు అంటే మేక్‌ఫైలు ముక్కే

ఏ సోర్స్ ఫైలు ఏ హెడర్లను వాడుతోందో కంపైలర్ కంటే బాగా ఎవరికీ తెలియదు. అందుకే -ఎంఎండీ అని అడిగితే జీసీసీ గానీ క్లాంగ్ గానీ (రెండూ సీ కంపైలర్లే) కంపైల్ చేస్తూనే పక్కన ఒక .డి ఫైలు రాసిపెడతాయి:

```
పంపు.ఓ: పంపు.సి సెట్టింగులు.హెచ్ \
 సెన్సర్.హెచ్
```

దీన్ని మేక్ తన సొంత భాషలాగే చదువుతుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాసిన నాటి నుంచీ ఆ భాషలో ఖాళీ అంటే రెండు పేర్ల మధ్య ఎడం. # వస్తే అక్కడి నుంచి లైను చివరిదాకా వ్యాఖ్య. $ వస్తే వేరియబుల్. కోలన్‌కు ఎడమవైపు టార్గెట్, కుడివైపు దాని ఆధారాలు. లైను చివర \ ఉంటే కింది లైను కూడా దీనిదే. ఈ గుర్తుల్లో ఏదైనా ఫైలు పేరులోనే ఉంటే "ఇది పేరులో భాగం" అని మేక్‌కు చెప్పాలి. ఎస్కేప్ చేయడమంటే అదే.

రాసేది కంపైలర్, చదివేది మేక్. రెండూ వేర్వేరు చేతుల్లో పుట్టిన ప్రోగ్రాములు, వాటి మధ్య రాతపూర్వకమైన ఒప్పందం అంటూ సరిగ్గా లేదు. చిక్కంతా అందులోంచే వచ్చింది.

2. మీ కంపైలర్ ఏం రాస్తుందో కళ్లతో చూడండి

ఖాళీ ఫోల్డర్‌లో "చెరువు #3" అనే డైరెక్టరీ, అందులో సెట్.హెచ్ అనే ఫైలు పెట్టండి. పక్కనే రేటు$.హెచ్ కూడా. పంపు.సి నుంచి ఈ రెంటినీ డబుల్ కోట్స్‌తో ఇంక్లూడ్ చేసి, ఇలా అడగండి:

```
జీసీసీ -ఎంఎం పంపు.సి
```

తెర మీద ఇలా వస్తుంది:

```
పంపు.ఓ: పంపు.సి చెరువు\ \#3/సెట్.హెచ్ రేటు$$.హెచ్
```

ఖాళీ ముందు ఒక బ్యాక్‌స్లాష్, హ్యాష్ ముందు ఒక బ్యాక్‌స్లాష్, డాలరుకు మాత్రం ఇంకో డాలరు. చాలామంది పొరపడేది ఈ మూడో దగ్గరే. డాలరు ముందు బ్యాక్‌స్లాష్ పెడితే మేక్ దాన్ని ఖాతరు చేయదు.

డాలరును వదిలేస్తే తెలుగు పేర్లతో ఒక వింత జరుగుతుంది. మేక్ అక్షరాలను కాదు, బైట్లను చూస్తుంది. $ తర్వాత బ్రాకెట్ లేకపోతే పక్కనున్న ఒక్క బైటునే వేరియబుల్ పేరుగా తీసుకుంటుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. కాబట్టి "రేటు$టన్ను.హెచ్" అని ఎస్కేప్ లేకుండా రాస్తే 'ట'లో మొదటి బైటును మేక్ మింగేస్తుంది, మిగిలిన రెండు బైట్లు చెత్తగా మిగులుతాయి. ఎర్రర్ మెసేజ్‌లో ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ గుర్తు కనిపిస్తే ఫాంట్‌ను తిట్టుకోకండి, ముందు డాలరు కోసం వెతకండి.

3. బ్యాక్‌స్లాష్ లెక్క

ఇది కాస్త ఓపికగా చదవాలి. గ్నూ మేక్‌లో బ్యాక్‌స్లాష్‌కు అన్నిచోట్లా ఒకే విలువ ఉండదు. పక్కన ఖాళీయో, # లాంటి గుర్తో, లైను చివరో ఉంటేనే దానికి ప్రాణం వస్తుంది. మామూలు అక్షరం ముందుంటే అది వట్టి బ్యాక్‌స్లాష్, రెట్టింపు చేయకూడదు. "సర్వే\డేటా.హెచ్" అనే పేరు డి ఫైలులోనూ అలాగే ఉంటుంది.

పేరులోనే బ్యాక్‌స్లాష్, దాని వెంటనే ఖాళీ ఉంటే కథ మారుతుంది. పేరులో ఖాళీకి ముందు ఎన్ని బ్యాక్‌స్లాష్‌లుంటే వాటికి రెట్టింపు, దాని మీద ఇంకొకటి రాయాలి. ఒకటి ఉంటే మూడు, రెండు ఉంటే ఐదు:

```
అసలు పేరు:    ఆక్వా\ సెట్.హెచ్
డి ఫైలులో:    ఆక్వా\\\ సెట్.హెచ్
```

జీసీసీ సోర్సులో ఈ పద్ధతిని వివరించే వ్యాఖ్యలోనే దీన్ని విడ్డూరమైన పద్ధతి అని రాసుకున్నారు. క్లాంగ్ కూడా ఇదే లెక్క పాటిస్తుంది.

హ్యాష్ విషయంలో మాత్రం రెండు కంపైలర్లూ ఈ లెక్క వేయవు. ముందు ఏమున్నా ఒక్క బ్యాక్‌స్లాష్ చేర్చి ఊరుకుంటాయి. కాబట్టి పేరులో బ్యాక్‌స్లాష్, వెంటనే హ్యాష్ వస్తే మేక్ దాన్ని తప్పుగానే చదువుతుంది. అలాంటి పేరుకు దండం పెట్టి మార్చేయడమే మేలు.

4. -ఎంటీ వద్దు, -ఎంక్యూ ముద్దు

నేను చూసిన మేక్‌ఫైళ్లలో అసలు జబ్బు హెడర్ల పేర్లలో ఉండదు, టార్గెట్ పేరులో ఉంటుంది. హెడర్లను కంపైలర్ తనంతట తానే ఎస్కేప్ చేస్తుంది. టార్గెట్ పేరును మాత్రం మనం చేతులారా పాడు చేస్తాం, ఈ ఒక్క లైనుతో:

```
జీసీసీ -ఎంఎండీ -ఎంటీ '$@' -సీ -ఓ '$@' '$<'
```

చూడ్డానికి బుద్ధిగానే ఉంది. కానీ $@ (టార్గెట్ పేరు) స్థానంలో మేక్ అసలు పేరును, ఎస్కేప్ లేకుండా, పెడుతుంది. -ఎంటీకి ఇచ్చిన మాటను కంపైలర్ ఉన్నదున్నట్టు డి ఫైలులో టార్గెట్ పేరుగా దించేస్తుంది. ఆబ్జెక్ట్ పేరు "కట్టు/మైపాడు గుంట.ఓ" అయితే డి ఫైలులో ఇలా పడుతుంది:

```
కట్టు/మైపాడు గుంట.ఓ: మైపాడు\ గుంట.సి చెరువు\ \#3/సెట్.హెచ్
```

కోలన్‌కు కుడివైపు అంతా సవ్యంగా ఉంది. ఎడమవైపు మేక్‌కు రెండు టార్గెట్లు కనిపిస్తాయి: "కట్టు/మైపాడు" ఒకటి, "గుంట.ఓ" ఒకటి. ఆ రెండూ ఎవరికీ అక్కర్లేనివి. అసలు ఆబ్జెక్ట్ ఫైలుకు ఏ హెడర్‌తోనూ సంబంధం రాసి లేదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. సెట్.హెచ్ మారినా మళ్లీ కంపైల్ కాదు. మొదట్లో చెప్పిన పాత ప్రోగ్రాము బోర్డులోకి వెళ్లే దారి ఇదే.

-ఎంక్యూ కూడా -ఎంటీ పనే చేస్తుంది, కాకపోతే ఇచ్చిన పేరును మేక్‌కు అర్థమయ్యేలా ఎస్కేప్ చేసి రాస్తుంది. పై లైనులో -ఎంటీ తీసి -ఎంక్యూ పెడితే "కట్టు/మైపాడు\ గుంట.ఓ:" అని సరిగ్గా వస్తుంది.

నిజానికి చాలాసార్లు రెండూ అక్కర్లేదు. -ఎంఎండీ, -ఓ కలిపి ఇస్తే జీసీసీ డ్రైవరే ఆ -ఓ పేరును లోపల -ఎంక్యూగా అందిస్తుంది. డి ఫైలు కూడా ఆబ్జెక్ట్ పక్కనే, అదే పేరుతో తయారవుతుంది. ఎక్కడినుంచో కాపీ కొట్టిన -ఎంటీ, -ఎంఎఫ్ (డి ఫైలు పేరు చెప్పేది) ఆప్షన్లను తీసేస్తే సగం సమస్య పోతుంది.

మరి -ఎంటీ దేనికి? డి ఫైలులో మేక్ వేరియబుల్ పేరు విప్పకుండా అలాగే ఉండాలనుకున్నప్పుడు. $(కట్టుడైర్)/పంపు.ఓ అన్న మాట అలాగే డి ఫైలులో పడాలి, తర్వాత దాన్ని మేక్ విప్పుకోవాలి అనుకుంటే -ఎంటీయే సరి. అక్కడ -ఎంక్యూ ఇస్తే డాలరు రెట్టింపై వేరియబుల్ కాస్తా వట్టి అక్షరాలైపోతుంది.

5. మేక్‌ఫైలులో మీ వంతు

రెసిపీలో, అంటే టార్గెట్‌ను తయారుచేసే కమాండ్ లైనులో, పేర్లకు సింగిల్ కోట్స్ పెట్టండి. రెసిపీని చదివేది షెల్. దానికి మేక్ ఎస్కేప్‌లు తెలియవు, కోట్స్ తెలుసు. డబుల్ కోట్స్ పెడితే పేరులోని డాలరును షెల్ విప్పబోతుంది, సింగిల్ కోట్స్‌లో ఆ బెడద లేదు.

```
%.ఓ: %.సి
	జీసీసీ -ఎంఎండీ -ఎంపీ -సీ -ఓ '$@' '$<'

-ఇంక్లూడ్ పంపు.డి
```

-ఎంపీ సంగతి ఆరో అంచెలో చెబుతాను. ఇంక్లూడ్ ముందున్న హైఫన్ ముఖ్యం. మొదటిసారి డి ఫైలు ఉండదు, అయినా గొడవ చేయొద్దని దానర్థం. మొదటిసారి ఎలాగూ అన్నీ కంపైల్ అవుతాయి కాబట్టి నష్టం లేదు.

మేక్ ఫంక్షన్ల దగ్గర మాత్రం ఆశలు పెట్టుకోవద్దు. ఫోర్‌ఈచ్, ప్యాట్‌సబ్‌స్ట్ లాంటివన్నీ ఖాళీ దగ్గర మాటను తెంచేస్తాయి. వాటికి ఎస్కేప్ తెలియదు. ఖాళీలున్న సోర్స్ ఫైళ్లుంటే జాబితాను చేత్తో, "మైపాడు\ గుంట.ఓ" అని రాసుకోవడమే. లింక్ చేసే లైనులో $^ (ఆధారాలన్నిటి పేర్లు) వాడినా చిక్కే. అందులో పేర్లు ఎస్కేప్ లేకుండా, ఖాళీలతో విడిపోయి వస్తాయి. ఏ ఖాళీ పేరులోదో ఏది పేర్ల మధ్యదో షెల్‌కు తెలిసే దారి లేదు.

పాత ప్రాజెక్టుల్లో ఇంకొకటి కనిపిస్తుంది. కంపైలర్ ఇచ్చిన డి ఫైలును సెడ్ అనే టెక్స్ట్ దిద్దే టూలుతో దిద్ది, టార్గెట్ పక్కన డి ఫైలు పేరును కూడా చేర్చే పొడవాటి లైను. గ్నూ మేక్ మాన్యువల్‌లోనూ అది ఉంది. ఫైలు పేరును రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లోపల పెడుతుంది కాబట్టి పేరులో కామా వచ్చినా, ఖాళీ వచ్చినా తడబడుతుంది. -ఎంఎండీ వాడుతుంటే దాని అవసరమే లేదు, తీసేయండి.

వెర్షన్ సంగతి ఒకటి. 2020 జనవరిలో వచ్చిన గ్నూ మేక్ 4.3 నుంచి ఫంక్షన్ బ్రాకెట్ల లోపల రాసిన # వ్యాఖ్య కాదు, అక్కడ దానికి బ్యాక్‌స్లాష్ పెట్టకూడదు. అంతకు ముందు వెర్షన్లలో పెట్టాలి. డి ఫైళ్లలో ఫంక్షన్లు ఉండవు కాబట్టి వాటికి దీనితో పని లేదు. మీ మేక్‌ఫైలులో $(షెల్ ...) లోపల హ్యాష్ ఉంటే మాత్రం కొత్త మెషిన్‌లో ఒక తీరు, పాత మెషిన్‌లో ఒక తీరు కనిపిస్తుంది.

6. కంపైలర్ వదిలేసే గుర్తులు

ఖాళీ, ట్యాబ్, #, $. కంపైలర్ మీద భరోసా పెట్టుకోదగ్గవి ఇవే (క్లాంగ్ అయితే ట్యాబ్‌ను కూడా వదిలేస్తుంది). మిగతావి మీ నెత్తినే.

శాతం గుర్తుతో తమాషా ఉంది. "ఆక్సిజన్50%.హెచ్" అనే హెడర్ మామూలు రూల్‌లో కుడివైపు ఉన్నంతసేపు మేక్ దాన్ని పట్టించుకోదు. కానీ -ఎంపీ ఇస్తే కంపైలర్ ప్రతి హెడర్‌కూ ఒక ఖాళీ టార్గెట్ (ఆధారాలు, రెసిపీ లేనిది) రాస్తుంది, రేపు ఆ హెడర్‌ను తీసేసినా బిల్డ్ ఆగకుండా ఉండటానికి. అంటే హెడర్ పేరు కోలన్‌కు ఎడమవైపుకు వస్తుంది. ఎడమవైపు % ఉంటే అది ప్యాటర్న్ రూల్, అంటే ఆ తీరు పేర్లన్నిటికీ వర్తించే రూల్. మీరు కోరుకున్న రక్షణ ఆ హెడర్‌కు దొరకదు. -ఎంపీ పెట్టినా "నో రూల్ టు మేక్ టార్గెట్" వస్తోందంటే పేరులో % ఉందేమో చూడండి.

కోలన్ వల్ల వచ్చే ఎర్రర్ మరీ గందరగోళంగా ఉంటుంది. మేత వేళల ఫైలుకు "మేత6:30.హెచ్" అని పేరు పెట్టారనుకోండి. చాలా వెర్షన్ల కంపైలర్లు కోలన్‌ను ముట్టుకోవు. ఒకే లైనులో రెండు కోలన్లు చూసి మేక్ అది స్టాటిక్ ప్యాటర్న్ రూల్ అనుకుని "మల్టిపుల్ టార్గెట్ ప్యాటర్న్స్" అంటుంది. అలాంటి రూల్ ఊసే లేని ప్రాజెక్టులో ఈ మాట చూస్తే ఎవరికైనా టెన్షనే. దానర్థం ఒక్కటే, ఎక్కడో అనుకోని కోలన్ ఉంది.

సెమికోలన్ వస్తే ఆ తర్వాతి భాగమంతా రెసిపీ అనుకుంటుంది, అంటే షెల్‌కు పంపిస్తుంది. ఫైలు పేర్లు బయటివాళ్ల నుంచి వచ్చేచోట ఇది సెక్యూరిటీ సమస్య కూడా. *, ?, [ ] లను మేక్ వైల్డ్‌కార్డులుగా చూస్తుంది. సరిపోలే ఫైలు లేకపోతే పేరును అలాగే ఉంచుతుంది కాబట్టి చాలాసార్లు అదృష్టం కొద్దీ నడిచిపోతుంది.

వీటన్నిటికీ ఎస్కేప్ కనిపెట్టుకుంటూ కూర్చోవడం కన్నా పేరు మార్చడమే తెలివైన పని అని నా అభిప్రాయం. "అన్నా, చెరువు పేరు మారిస్తే రైతు ఒప్పుకోడు" అంటారు కుర్రాళ్లు. రైతుకు కావాల్సింది డిస్‌ప్లే మీద ఆ పేరు కనబడటం. దాన్ని హెడర్ లోపల స్ట్రింగ్‌గా పెట్టి, ఫోల్డర్‌కు "చెరువు3" అని పెడితే ఎవరికీ నష్టం లేదు. లైనక్స్ కెర్నల్ మేక్‌ఫైలు కూడా సోర్స్ డైరెక్టరీ పేరులో ఖాళీ గానీ కోలన్ గానీ ఉంటే బిల్డ్ చేయనని ముఖానే చెప్పేస్తుంది.

మీ చేతిలో లేని పేర్లూ ఉంటాయి, పై ఫోల్డర్లవీ, ఎస్‌డీకే (బయటి నుంచి తెచ్చుకున్న హెడర్లు, లైబ్రరీల కట్ట) ఇన్‌స్టాల్ అయిన చోటివీ. వాటికి రెండు ఉపాయాలు. మేక్‌ను ప్రాజెక్టు పై ఫోల్డర్ నుంచే నడిపి, హెడర్లు వెతికే చోట్లు చెప్పే -ఐ దారులన్నీ రిలేటివ్‌గా ఇస్తే ఆ పైనున్న ఫోల్డర్ల పేర్లు డి ఫైలులోకి రానే రావు. ఎస్‌డీకే హెడర్లను -ఐసిస్టమ్‌తో ఇస్తే వాటిని సిస్టమ్ హెడర్లుగా లెక్కేసి -ఎంఎండీ వదిలేస్తుంది. ఎస్‌డీకే అప్‌డేట్ చేసినప్పుడు క్లీన్ బిల్డ్ చేసుకోవడం మాత్రం మరవకూడదు.

7. తెలుగు పేర్ల ప్రత్యేక బాధలు

మంచి వార్త ముందు. తెలుగు అక్షరాలను ఎస్కేప్ చేయాల్సిన పని లేదు. యూటీఎఫ్-8లో తెలుగు బైట్లన్నీ 128, ఆ పైనే ఉంటాయి, మేక్ పట్టించుకునే గుర్తులన్నీ 128 లోపువే. రెండూ ఎప్పుడూ ఢీకొనవు. ఒక చిన్న తేడా కనిపిస్తుంది, అంతే. జీసీసీ సుమారు 72 బైట్లకు లైను మడుస్తుంది. తెలుగు అక్షరానికి మూడేసి బైట్లు కాబట్టి డి ఫైలులో లైన్లు పొట్టిపొట్టిగా విరుగుతాయి. తప్పేమీ లేదు.

బాధ పెట్టేది కంటికి కనిపించనిది. చాలా తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య అక్షరాన్ని పెడతాయి. "ఏరేటర్.హెచ్" అని ఒకరు, అదే పేరును ర్ తర్వాత ఆ అక్షరంతో మరొకరు టైప్ చేస్తే తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. మేక్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఫైలు ఎదురుగా కనబడుతున్నా "రూల్ లేదు" అంటోందంటే పేరును ఎల్ఎస్ నుంచి ఓడీ కమాండ్‌కు పంపి బైట్లు చూడండి. హెక్సాలో ఈ2 80 8సీ అన్న మూడు బైట్లు ఉంటే దొంగ దొరికినట్టే.

రెండోది ఐత్వం. మైపాడులోని 'మై'ని యూనికోడ్ రెండు విధాలుగా రాయనిస్తుంది: ఐత్వం ఒకే కోడ్‌గా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు కోడ్‌లుగా. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లను ఆ రెండో పద్ధతిలోకి విడగొట్టి దాచేది. అక్కడి నుంచి జిప్ చేసి తెచ్చిన "మైపాడు" ఫోల్డర్, లైనక్స్‌లో మీరు టైప్ చేసిన "మైపాడు" బైట్లలో ఒకటి కావు. మేక్ సరిపోల్చేది బైట్లనే. ఫోల్డర్ పేరును లైనక్స్‌లోనే మళ్లీ టైప్ చేసి మార్చేస్తే సరిపోతుంది.

8. డి ఫైలు మీ స్క్రిప్టే రాస్తుంటే

ఎక్సెల్ నుంచి హెడర్ తయారుచేసే పైథాన్ స్క్రిప్టు తన డి ఫైలు తానే రాసుకోవడం మంచి అలవాటే. అయితే ఎస్కేప్ విషయంలో కంపైలర్ చేసేదే చేయాలి, ఎక్కువా కాదు, తక్కువా కాదు. చాలామంది ముందుగా బ్యాక్‌స్లాష్‌లన్నిటినీ రెట్టింపు చేసి, తర్వాత మిగతా గుర్తులు మారుస్తారు. వేరే ఫార్మాట్లలో అది సరే గానీ ఇక్కడ తప్పు. సరైన వరస ఇది:

```
లెక్క = 0
పేరులో ప్రతి అక్షరానికి:
    \ అయితే: \ రాయి, లెక్క ఒకటి పెంచు
    ఖాళీ లేదా ట్యాబ్ అయితే: లెక్క ఎంతో అన్ని \ మళ్లీ రాయి,
        ఇంకొక \ రాయి, ఆ అక్షరం రాయి, లెక్క = 0
    # అయితే: \# రాయి, లెక్క = 0
    $ అయితే: $$ రాయి, లెక్క = 0
    ఇంకేదైనా: ఉన్నది ఉన్నట్టు రాయి, లెక్క = 0
```

: ; % * ? [ లేదా కొత్త లైను ఎదురైతే నిశ్శబ్దంగా రాయకుండా, స్క్రిప్టు అక్కడే ఆగి ఏ పేరులో ఉందో చెప్పాలి. కొత్త లైనుకైతే మేక్‌లో ఎస్కేప్ అనేదే లేదు.

ఫైలును నేరుగా .డి పేరుతో రాయకండి. తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక పేరు మార్చండి. కరెంటు పోయి సగం రాసిన డి ఫైలు మిగిలితే తర్వాతి మేక్ "మిస్సింగ్ సెపరేటర్" అని మొదటి అడుగులోనే పడిపోవచ్చు.

9. నింజా వాడేవాళ్లకు

నింజా మేక్ లాంటిదే, మరో బిల్డ్ టూలు. అది డి ఫైలును చదువుతుంది గానీ మేక్ భాష మొత్తాన్ని చదవదు. జీసీసీ, క్లాంగ్ నిజంగా ఏం రాస్తాయో అంతవరకే అర్థం చేసుకుంటుంది. ఖాళీ ముందు బ్యాక్‌స్లాష్‌ల లెక్క, \#, $$, ఇవన్నీ దానికి తెలుసు. పైన చెప్పిన వరసలో రాసిన డి ఫైలు రెండింటికీ సరిపోతుంది. కంపైలర్‌నే అనుకరించమని అన్నది ఇందుకే.

నింజా సొంత బిల్డ్ ఫైలులో ఎస్కేప్ మాత్రం వేరు. అక్కడ ఖాళీకీ కోలన్‌కూ ముందు డాలరు పెట్టాలి, బ్యాక్‌స్లాష్ కాదు. రెంటినీ కలగాపులగం చేయొద్దు.

డిపెండెన్సీలను జీసీసీ పద్ధతిలో తీసుకోమని చెబితే నింజా డి ఫైలును చదివి, తన డేటాబేస్‌లో దాచుకుని, ఫైలును చెరిపేస్తుంది. అందుకే వెతికితే దొరకదు. -డి కీప్‌డెప్‌ఫైల్ ఇస్తే ఉంచుతుంది. అది ఏం అర్థం చేసుకుందో చూడాలంటే నింజా -టి డెప్స్ అని అడగండి. పేరు ఒక్కో లైనులో ఒక్కటిగా, ఎస్కేప్ విప్పి చూపిస్తుంది.

10. విండోస్‌లో

డ్రైవ్ పేరు పక్కన కోలన్ ఉంటుంది. విండోస్ కోసం కట్టిన గ్నూ మేక్‌కు అది తెలుసు. సిగ్విన్ (విండోస్‌లో లైనక్స్ తరహా టూలు ఇచ్చేది) మేక్‌కు తెలియదు, "మల్టిపుల్ టార్గెట్ ప్యాటర్న్స్" అంటుంది. మింగ్‌డబ్ల్యూ (విండోస్ కోసం కట్టిన జీసీసీ) కంపైలర్, సిగ్విన్ మేక్ కలిపి వాడటం మానేయండి, రెండూ ఒకే కుటుంబానివి పెట్టుకోండి.

మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎన్‌మేక్ వాడేవాళ్లకు బ్యాక్‌స్లాష్ ఎస్కేప్‌లు పనికిరావు, దానికి కోట్స్ కావాలి. క్లాంగ్‌కు -ఎంవీ ఇస్తే ఆ తీరులో రాస్తుంది.

ఇక తెలుగు పేర్లు. తెలుగుకు విండోస్‌లో యూనికోడ్ తప్ప పాత తరహా సిస్టమ్ కోడ్ పేజీ (అక్షరాలకు నంబర్లిచ్చే పట్టిక) లేదు. పాత కోడ్ పేజీల మీద నడిచే టూలు తెలుగు పేరును ప్రశ్నార్థకాల వరసగా మార్చేస్తుంది. మేక్‌కు ప్రశ్నార్థకం వైల్డ్‌కార్డ్. విండోస్‌లో బిల్డ్ తప్పదంటే ఫైలు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టుకోండి.

11. పరీక్ష

డి ఫైలును కళ్లతో చూసి బాగుందనుకోవడం చాలదు. మేక్ దాన్ని ఏమని అర్థం చేసుకుందో మేక్‌నే అడగాలి. ముందు పూర్తి బిల్డ్ చేయండి. తర్వాత:

```
మేక్ -ఎన్ -డబ్ల్యూ 'చెరువు #3/సెట్.హెచ్'
```

ఇక్కడ -డబ్ల్యూ పెద్దక్షరం, -ఎన్ చిన్నక్షరం. "ఈ ఫైలు ఇప్పుడే మారిందనుకో, ఏం చేస్తావో చెప్పు, చేయకు" అని దానర్థం. కమాండ్ లైనులో పేరును షెల్ కోట్స్‌తో ఇస్తున్నాం కాబట్టి బ్యాక్‌స్లాష్‌లు అక్కర్లేదు. పంపు.సిని కంపైల్ చేసే లైను కనబడితే సంబంధం కుదిరినట్టు. ఏమీ కనబడకపోతే నాలుగో అంచెకు వెళ్లి టార్గెట్ పేరు చూడండి.

దీనికి తిరగబడ్డ జబ్బు కూడా ఉంది. ఏమీ మార్చకపోయినా ప్రతిసారీ అన్నీ మళ్లీ కంపైల్ అవుతుంటాయి. ఎస్కేప్ లేని ఖాళీ వల్ల విరిగిన పేరు ముక్క ఒకటి ఖాళీ టార్గెట్‌గా మిగిలిపోతే ఇలా జరుగుతుంది. ఆ పేరుతో ఫైలు లేదు, చేయడానికి రెసిపీ లేదు. అలాంటి టార్గెట్‌ను మేక్ ఎప్పుడూ "ఇప్పుడే మారింది" అనుకుంటుంది. మేక్ --ట్రేస్ ఇస్తే ఏ పేరు వల్ల కంపైల్ చేస్తోందో చెబుతుంది. ఈ ఆప్షన్ 4.0 నుంచి ఉంది.

రెంటినీ కలిపి బిల్డ్ సర్వర్‌లో పెట్టేయండి. బిల్డ్ అయిన వెంటనే మేక్ -క్యూ (చిన్నక్షరం) నడిపితే ఎగ్జిట్ కోడ్ 0 రావాలి, అంటే చేయాల్సింది ఏమీ లేదని. తర్వాత జాబితాలోని ఒక్కో హెడర్‌ను టచ్ చేసి మళ్లీ మేక్ -క్యూ నడిపితే 1 రావాలి, అంటే చేయాల్సింది ఉందని. అక్కడ 0 వచ్చిన హెడర్ పేరును ప్రింట్ చేసి బిల్డ్‌ను ఫెయిల్ చేయండి. ఒక హెడర్ అయ్యాక తర్వాతి దానికి వెళ్లే ముందు మామూలు మేక్ ఒకసారి నడపాలి, లేకపోతే ముందు హెడర్ తెచ్చిన 1 తర్వాతి హెడర్ ఖాతాలో పడుతుంది.